మందు మూడోది: ఎమర్జెన్సీలో మత్తు ఇచ్చే ముందు తేల్చుకోవలసినవి

ప్రశ్న ఒక ఏరియా ఆసుపత్రి ఎమర్జెన్సీలో రాత్రి డ్యూటీ చేసే యువ వైద్యుడిది. ఒకే రాత్రి ఇద్దరు వచ్చారు. ఒకరు బైకు మీద నుంచి పడి కుడి భుజం కీలు తప్పిన 35 ఏళ్ల మనిషి, మరొకరు గడప మీద పడి పై పెదవి చీలిన నాలుగేళ్ల పాప. ఇద్దరూ గంట, గంటన్నర కిందటే తిన్నారు. మత్తు డాక్టరు ఫోనుకు దొరుకుతారు గానీ ఆసుపత్రికి చేరేసరికి గంటకు పైగా పడుతుంది. వార్డులో ఉన్నది ఆ వైద్యుడు, ఇద్దరు స్టాఫ్ నర్సులు. ఇలాంటప్పుడు అన్నిటికన్నా సురక్షితమైన మందు ఏది, ఎంత ఇవ్వాలి, తిని వచ్చినవాళ్లకు ఇవ్వవచ్చా, ఇచ్చాక ఎంతసేపటికి ఇంటికి పంపవచ్చు అన్నవి ఆయన సందేహాలు.

ప్రశ్నలో మందు మొదట ఉంది. నా సమాధానంలో అది మూడోది. మొదటిది, ఈ రోగికి అసలు మత్తు అవసరమా అన్నది. రెండోది, మత్తు ఇచ్చాక రోగి ఊపిరి చూడటం తప్ప మరే పనీ పెట్టుకోని మనిషి ఒకరు మంచం తల దగ్గర ఉన్నారా అన్నది. ఈ రెండూ తేలాక మందును ఎంచుకోవడం అంత కష్టం కాదు. ఎమర్జెన్సీలో మత్తు వల్ల జరిగిన ప్రమాదాల్లో నేను చూసినంతలో మందు తప్పు కావడం తక్కువ, చూడవలసిన మనిషి వేరే పనిలో ఉండటం ఎక్కువ.

మందుల దాకా వెళ్లే ముందు మత్తు లోతు గురించి ఒక మాట చెప్పాలి. అమెరికా మత్తువైద్యుల సంఘం దీన్ని నాలుగు మెట్లుగా విభజించింది: బెరుకు తగ్గి మాట్లాడుతూ ఉండే తేలిక మత్తు, పిలిస్తే లేదా తడితే పలికే మధ్యస్థ మత్తు, గట్టిగా నొప్పి కలిగిస్తే తప్ప కదలని లోతైన మత్తు, ఆ పైన ఆపరేషన్ థియేటర్‌లో ఇచ్చే పూర్తి అనస్థీషియా. పుస్తకంలో ఇవి విడివిడిగా కనిపిస్తాయి గానీ రోగి శరీరంలో వీటి మధ్య గోడలేమీ లేవు. నీళ్లు నిండిన దిగుడుబావిలో ఎన్నో మెట్టు మీద నిలబడ్డామో పైనుంచి తెలియనట్టే, రెండు మిల్లీగ్రాముల మిడజోలం ఒకరిని నవ్వుతూ ఉంచితే మరొకరిని గురక పెట్టిస్తుంది. అందుచేత మీరు ఏ లోతు అనుకుని మొదలుపెట్టినా, రోగి దానికంటే ఒక మెట్టు కిందకు జారితే పైకి తీయగల నేర్పు, సామాను మీ దగ్గర ఉండాలి. అంబూ బ్యాగ్‌తో ఊపిరి ఇవ్వడం ధీమాగా చేయలేని వైద్యుడు మత్తు మందు సిరంజిలోకి తీయకూడదని నా అభిప్రాయం, అందులో రాజీ లేదు.

ఇక అవసరం సంగతి. కీలు తప్పిన భుజానికి మత్తు ఇవ్వడం మనకు అలవాటైపోయింది గానీ, చాలామందికి అది లేకుండానే పని జరుగుతుంది. తప్పిన కీలు వెలుపలి వైపున, భుజపు ఎముక అంచుకు కింద ఏర్పడే గుంటలోంచి కీలులోకి తిమ్మిరి మందైన 1 శాతం లిగ్నోకైన్ 20 మిల్లీలీటర్లు ఎక్కించి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే నొప్పి బాగా తగ్గుతుంది. మన వార్డుల్లో ఎక్కువగా దొరికేది 2 శాతం వయల్ కాబట్టి 10 మిల్లీలీటర్ల మందులో అంతే సెలైన్ కలుపుకోవాలి. ఈ పద్ధతిని రక్తనాళంలోకి ఇచ్చే మత్తుతో పోల్చిన సమీక్షల్లో కీలు కూర్చోవడంలో తేడా పెద్దగా కనబడలేదు, రోగి ఆసుపత్రిలో గడిపే సమయం మాత్రం తగ్గింది. ఆ తరువాత రోగిని నిటారుగా కూర్చోబెట్టి, మోచేయి ఒంటికి ఆనించి, బైసెప్స్ కండరాన్ని మెల్లగా మర్దన చేస్తూ భుజాలు వెనక్కి విరిచి కూర్చోమనే కనింగ్‌హామ్ పద్ధతి ఉంది. పడుకోబెట్టి చేతిని సన్నగా పైకీ కిందికీ ఊపుతూ పక్కకు తెచ్చే ఫేర్స్ పద్ధతి ఇంకొకటి. రెండింటికీ బలం కంటే ఓపిక ముఖ్యం. మణికట్టు దగ్గర విరిగిన ఎముకకు విరుపులోకే లిగ్నోకైన్ ఇవ్వడం, వేళ్లకు నరాల బ్లాక్, తుంటి విరిగిన పెద్దవాళ్లకు ఫాసియా ఇలియాకా బ్లాక్ ఇవన్నీ ఆ కోవలోవే. లిగ్నోకైన్ గరిష్ఠ మోతాదు కిలోకు 4.5 మిల్లీగ్రాములు అన్నది మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. 2 శాతం మందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు ఉంటాయి కాబట్టి 15 కిలోల పిల్లకు మూడు మిల్లీలీటర్లు దాటగానే ఆ హద్దు వచ్చేస్తుంది.

మత్తు తప్పదని తేలితే రోగిని అందుకు తగినట్టు పరీక్షించాలి. ఆరోగ్యవంతులు, అదుపులో ఉన్న బీపీ, షుగరు లాంటివి ఉన్నవాళ్లు మన చేతుల్లో చేయదగినవాళ్లు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లను, రక్తపోటు నిలవనివాళ్లను మత్తు డాక్టరు వచ్చేదాకా ఆపాలి, లేదా పై ఆసుపత్రికి పంపాలి. తరువాత చూడవలసింది, ఊపిరి ఆగితే మాస్కుతో ఊపిరి ఇవ్వగలమా అన్నది. గుబురు గడ్డం, పళ్లు లేని దవడలు, పొట్టి మెడ, రాత్రి గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగే అలవాటు ఉంటే ముందే జాగ్రత్త పడాలి. ఇక్కడ మన ప్రాంతపు విషయాలు రెండు చెప్పాలి. గుట్కా, ఖైనీ ఏళ్ల తరబడి నమిలినవాళ్లలో బుగ్గలు లోపల గట్టిపడి నోరు రెండు వేళ్ల మేర కూడా తెరుచుకోదు. చూడటానికి నిక్షేపంగా ఉన్న ముప్పై ఏళ్ల కుర్రవాడిలో కూడా ఇది ఉండవచ్చు కాబట్టి "నోరు తెరవండి" అని చెప్పి స్వయంగా చూడకుండా మొదలుపెట్టవద్దు. రెండోది కల్లు. తెలంగాణలో అల్‌ప్రాజోలం, డైజిపామ్ లాంటివి కలిపిన కల్తీ కల్లు ఎంత పాతుకుపోయిందో ఆబ్కారీ శాఖ దాడుల వార్తలు చదివేవారికి తెలుసు. రోజూ అది తాగేవాళ్లకు మిడజోలం మామూలు మోతాదు పనిచేయకపోవచ్చు. అప్పుడే తాగి వచ్చినవాళ్లకు అదే మోతాదు ఊపిరి ఆపవచ్చు. అందుకే "మందు తాగుతారా" అని అడిగి ఊరుకోకుండా "కల్లు తాగుతారా, ఎప్పుడు తాగారు, ఒకరోజు తాగకపోతే వణుకు వస్తుందా" అని విడిగా అడగండి. భార్య ముందు చెప్పని సంగతి ఆమెను బయటకు పంపాక చెప్తారు.

తిని వచ్చిన విషయానికొస్తే, రెండు గంటల ముందు నీళ్లు, నాలుగు గంటల ముందు తల్లిపాలు, ఆరు గంటల ముందు తేలిక భోజనం అనే నియమం ముందుగా తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్లకు పుట్టినది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ ఫిజీషియన్స్ 2014లో ఇచ్చిన మార్గదర్శకంలో, తిన్న సమయాన్ని బట్టి మాత్రమే ఎమర్జెన్సీలో మత్తును వాయిదా వేయవద్దని చెప్పింది. కెనడాలోని ఎమర్జెన్సీల్లో మత్తు ఇచ్చిన 6,183 మంది పిల్లల మీద 2018లో వెలువడిన పరిశీలనలో సుమారు సగం మంది ఘనాహారం నియమం పాటించనివాళ్లే, అయినా పొలమారి ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోయిన కేసు ఒక్కటీ నమోదు కాలేదు. దీని అర్థం నియమాన్ని గాలికి వదిలేయమని మాత్రం తీసుకోవద్దు. ఆ పిల్లల్లో చాలామందికి వాడినది కెటమిన్, అది గొంతు కాపలాను చాలావరకు నిలుపుతుంది. నిండు కడుపుతో, తాగి, వాంతులతో వచ్చిన పెద్దమనిషికి ప్రొపొఫాల్‌తో లోతైన మత్తు ఇవ్వడం పూర్తిగా వేరే సంగతి. కాలు నీలం తిరిగి రక్తం ఆడకపోతే కడుపు సంగతి పక్కనపెట్టి వెంటనే చేయాలి. కుట్లు ఇంకో రెండు గంటలు ఆగగలిగితే ఆగడమే నయం. తూకం ప్రతిసారీ మీరే వేయాలి, వేసిన తూకాన్ని కేసుషీటులో ఒక వాక్యంగా రాయాలి.

ఇప్పుడు అసలు విషయం, చూసే మనిషి. ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లో మత్తు ఇచ్చి గమనించేవారు, చికిత్స చేసేవారు వేరువేరుగా ఉండాలని స్పష్టంగా ఉంది. కాగితం మీద ఇది అందరూ ఒప్పుకుంటారు గానీ, రాత్రి రెండు గంటలకు ఆచరణలో జరిగేది వేరు. భుజం లాగే డాక్టరుకు ఎదురు పట్టు పట్టడానికి నర్సును పిలుస్తారు, రెండో నర్సు పక్క మంచం డ్రిప్ అయిపోయిందని వెళ్తుంది, మానిటర్ గోడవైపు తిరిగి ఉంటుంది. నేను కొత్తగా చేరిన రోజుల్లో సరిగ్గా ఇలాంటి రాత్రే ఒకటి జరిగింది. పెద్ద కండలున్న మనిషి, భుజం ఎంతకీ లొంగలేదు. మిడజోలం రెండు మిల్లీగ్రాములు, బలమైన నొప్పి మందు ఫెంటనిల్ వంద మైక్రోగ్రాములు, కాసేపటికి మళ్లీ మిడజోలం రెండు, ఆ పైన మళ్లీ ఫెంటనిల్ యాభై. భుజం టక్కున కూర్చుంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. నేను ఎక్స్‌రే కాగితం రాయడానికి తిరిగాను, నర్సు స్లింగ్ వెతకడానికి వెళ్లింది. ముక్కుకు ఆక్సిజన్ ఉంది, మానిటర్ మీద సాచురేషన్ 98 చూపిస్తోంది. మంచం పక్కన ఉన్న ఆయన తమ్ముడు "సార్, అన్న గుండె మీద దుప్పటి కదలడం లేదు" అన్నాడు. దవడ ఎత్తి, బ్యాగ్‌తో ఓ ఆరు నిమిషాలు ఊపిరి ఇచ్చాక ఆయన కళ్లు తెరిచాడు. ఏ హానీ జరగలేదు, కానీ ఆ తమ్ముడు టీ తాగడానికి బయటకు వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రాత్రి నేర్చుకున్నవి రెండు. మొదటిది, నొప్పి కూడా ఒక విరుగుడే. భుజం తప్పి ఉన్నంతసేపు ఆ నొప్పి మందుతో పెనుగులాడుతూ రోగిని పైకి లాగుతుంది. కీలు కూర్చోగానే నొప్పి ఒక్క క్షణంలో పోతుంది, మందు మాత్రం రక్తంలో అలాగే ఉంటుంది. కాబట్టి అత్యంత ప్రమాదకరమైన నిమిషాలు మనం పని అయిపోయిందనుకునే నిమిషాలే. రెండోది, పల్స్ ఆక్సీమీటర్ చెప్పేది ఊపిరి గురించి కాదు, రక్తంలో ఉన్న ఆక్సిజన్ గురించి. ముందుగా ఆక్సిజన్ బాగా పట్టించిన మనిషిలో ఊపిరి ఆగిన తరువాత కూడా కొన్ని నిమిషాల పాటు అంకె పడకపోవచ్చు. పిల్లల్లో, లావుపాటివాళ్లలో మాత్రం గబగబా పడిపోతుంది. ఊపిరి ఆగిన ఘడియలోనే చెప్పేది కాప్నోగ్రఫీ. వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మామూలుగా 35 నుంచి 45 మధ్య ఉంటుంది. ఊపిరి ఆగితే తెర మీద అల చదునైపోతుంది, గొంతు మూసుకుపోయినా అంతే. ప్రొపొఫాల్ ఇచ్చిన 132 మంది పెద్దవాళ్ల మీద అమెరికాలో జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, వైద్యులకు ఆ తెర కనిపించిన గుంపులో 25 శాతం మందికి, కనబడని గుంపులో 42 శాతం మందికి ఆక్సిజన్ పడిపోయింది. మీ ఆసుపత్రిలో ఈ పరికరం థియేటర్‌లో మాత్రమే ఉంటే ఎమర్జెన్సీకి ఒకటి కావాలని సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా అడగండి. అది వచ్చేదాకా రోగి ఛాతీ మీద బట్ట తీసి ఉంచండి, మాస్కు లోపల ఆవిరి పట్టడం చూడండి, స్టెతస్కోపును మెడ మీద గొంతు గొట్టం దగ్గర పెట్టి వింటూ ఉండండి. ఇవి పాతకాలపు పద్ధతులే గానీ పనికొస్తాయి.

చూసే మనిషికి చేతిలో మరే పనీ ఉండకూడదు, రోగి తల దగ్గర నిలబడాలి, ఆపమని చెప్పే అధికారం ఉండాలి. డాక్టరు లాగుతూ ఉండగా "సార్, ఆపండి" అనే ధైర్యం మన నర్సుల్లో చాలామందికి ఉండదు, ఆ ధైర్యం మనమే ముందుగా మాటతో ఇవ్వాలి. నేను ప్రతిసారీ మొదలుపెట్టే ముందు "సిస్టర్, మీరు ఆపమంటే నేను చేతులు తీసేస్తాను" అని అందరికీ వినబడేలా చెప్తాను. సామాను సంగతి క్లుప్తంగా చెప్తాను: సక్షన్ ఆన్ చేసి చప్పుడు విని చూడాలి, సిలిండర్ అయితే అందులో ఆక్సిజన్ ఎంత ఉందో చూడాలి, సరైన సైజు మాస్కుతో అంబూ బ్యాగ్, నోటి ఎయిర్‌వే, లారింగోస్కోప్ వెలుగుతోందా, ట్యూబులు, అడ్రినలిన్, ఫెంటనిల్‌కు విరుగుడైన నలోక్సోన్, మిడజోలంకు విరుగుడైన ఫ్లుమాజెనిల్, బాగా నడిచే నరం లైను. ఇవి చేతికి అందేలా ఉండాలి. ఫార్మసీలో ఉన్నాయంటే లేనట్టే.

మందుల్లో ఎమర్జెన్సీకి కెటమిన్ అంత అక్కరకొచ్చేది మరొకటి లేదు. నొప్పి తీస్తుంది, మత్తు ఇస్తుంది, ఊపిరిని, రక్తపోటును సాధారణంగా నిలబెడుతుంది. పెద్దవాళ్లకు నరంలోకి కిలోకు 1 మిల్లీగ్రాము, పిల్లలకు కిలోకు 1.5 నుంచి 2, ఒక నిమిషం పాటు నింపాదిగా. ఒక్కసారిగా తోస్తే ఊపిరి కాసేపు ఆగుతుంది. నరం దొరకని పిల్లలకు కండరంలోకి కిలోకు 4 నుంచి 5. నరంలో ఇస్తే ఒక నిమిషంలో పట్టి పది నిమిషాల వరకు ఉంటుంది, కండరంలో ఇస్తే పట్టడానికి అయిదు నిమిషాలు, తేరుకోవడానికి గంటా రెండు గంటలూ పడుతుంది, వాంతులూ ఎక్కువ. మూడు నెలలలోపు పసికందులకు, స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లకు తప్పించడం మంచిది. తలకు దెబ్బ తగిలితే కెటమిన్ పనికిరాదన్న పాత నమ్మకానికి ఇప్పుడు ఆధారం నిలవలేదు. కెనడాలోనే 6,295 మంది పిల్లల మీద 2017లో వెలువడిన పరిశీలనలో, కెటమిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు తీవ్రమైన ఇబ్బందులు 0.4 శాతం మాత్రమే, దానికి ఫెంటనిల్‌నో ప్రొపొఫాల్‌నో జతచేస్తే అవి పెరిగాయి. కాబట్టి పిల్లలకు "కొంచెం అదీ కొంచెం ఇదీ" పద్ధతి వద్దు.

ఈ మందు విషయంలో నాకు అన్నిటికన్నా భయం పుట్టించేది గాఢత. మన దగ్గర మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల వయల్ కూడా దొరుకుతుంది, 10 మిల్లీగ్రాములది కూడా దొరుకుతుంది. 14 కిలోల పాపకు 21 మిల్లీగ్రాములంటే గాఢమైన వయల్‌లో అర మిల్లీలీటరు కూడా లేదు. చీకట్లో, హడావుడిలో అది రెండు మిల్లీలీటర్లయితే దాదాపు అయిదింతలు. ఒక మిల్లీలీటరు మందుకు నాలుగు మిల్లీలీటర్ల సెలైన్ కలిపి అయిదు చేసుకుంటే మిల్లీలీటరుకు సరిగ్గా 10 మిల్లీగ్రాములవుతుంది. సిరంజి మీద టేపు అంటించి మందు పేరు, గాఢత రాయాలి. మోతాదు పైకి చదివి, రెండో మనిషి ఔనన్నాక ఇవ్వాలి. మిడజోలం కూడా మిల్లీలీటరుకు 1, 5 మిల్లీగ్రాములుగా రెండు రకాలు వస్తుంది, అక్కడా ఇదే జాగ్రత్త. 2013 నుంచి కెటమిన్ షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే లెక్క కచ్చితంగా ఉంచవలసిన మందుల జాబితాలో, ఉంది కాబట్టి మిగిలిన మందు లెక్క రిజిస్టర్‌లో అప్పటికప్పుడే రాయాలి, తెల్లారి గుర్తు తెచ్చుకుని రాయడం కుదరదు.

ప్రొపొఫాల్ అరనిమిషంలో పట్టి అయిదు పది నిమిషాల్లో వదులుతుంది, కండరాలు సడలుతాయి కాబట్టి పెద్దవాళ్ల భుజానికి, తుంటికి చాలా బాగుంటుంది. కిలోకు అర నుంచి ఒక మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, అవసరమైతే మూడు నిమిషాలకొకసారి కిలోకు అర మిల్లీగ్రాము; ముసలివాళ్లకు సగం. కానీ అది నొప్పి తీయదు, రక్తపోటును పడేస్తుంది, ఊపిరిని ఆపుతుంది, దానికి విరుగుడు లేదు. కాప్నోగ్రఫీ, వేరే చూసే మనిషి ఉంటేనే దాని జోలికి వెళ్లండి. మీ ఆసుపత్రి నియమాల్లో అది మత్తు డాక్టరు చేతికే పరిమితమైతే ఆ నియమాన్ని పాటించండి. మిడజోలం, ఫెంటనిల్ జంట మన దగ్గర అలవాటైనది, అందుకే చులకనైపోయింది. విడివిడిగా మెత్తనివే, కలిస్తే ఊపిరి మీద వాటి బలం కూడిక కంటే ఎక్కువ. మిడజోలం పూర్తిగా పట్టడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలు ఆగలేక ఇచ్చిన రెండో మోతాదే నా పాత కథలో జరిగింది. ఒక్కోసారి ఒక మిల్లీగ్రాము చొప్పున ఇచ్చి గడియారం చూసుకోండి.

పెంటాజొసిన్, ప్రొమెథజీన్ కలిపి ఇచ్చే పాత అలవాటు మన ఎమర్జెన్సీల్లో ఇంకా చావలేదు. ఆ జంట లోతును మనం అదుపు చేయలేం, మత్తు గంటల తరబడి వదలదు, ప్రొమెథజీన్ నరం బయటకు కారితే కణజాలం కుళ్లవచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు అది ఇవ్వకూడదన్న హెచ్చరిక అమెరికా ఔషధ సంస్థ 2004లోనే పెట్టింది. చౌక, అలవాటు తప్ప దాన్ని సమర్థించే కారణం నాకు కనబడదు. సీటీ స్కాన్‌కు పిల్లలకు తాగించే ట్రైక్లోఫోస్ సిరప్ మీద కూడా ఒక హెచ్చరిక. అది శరీరంలో సగం తగ్గడానికే 8 నుంచి 12 గంటలు పడుతుంది. పిల్లల మత్తులో జరిగిన 95 దుర్ఘటనలను పరిశీలించి 2000లో ప్రచురించిన అమెరికా సమీక్షలో 51 మరణాలున్నాయి, వాటిలో కొన్ని ఆసుపత్రి దాటాక కారులోనో ఇంట్లోనో జరిగినవి. అమ్మ ఒళ్లో తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి దారి మూసుకుపోవడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇబ్బంది వస్తే చేయవలసిన క్రమం చేతులకు పాఠమై ఉండాలి. ఊపిరి మందగిస్తే ముందు పేరు పెట్టి గట్టిగా పిలిచి తట్టాలి, తరువాత దవడ ఎత్తాలి, చాలావరకు అక్కడితో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే బ్యాగ్, మాస్కు. విరుగుడు మందు వాటి తరువాతే, వాటి బదులు కాదు. నలోక్సోన్‌ను 0.1 మిల్లీగ్రాము చొప్పున, ఫ్లుమాజెనిల్‌ను 0.2 చొప్పున ఇవ్వాలి. కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్లకు ఫ్లుమాజెనిల్ ఇస్తే ఫిట్స్ రావచ్చు కాబట్టి వాళ్లకు బ్యాగ్‌తో ఊపిరి ఇస్తూ మందు దిగేదాకా ఆగడమే క్షేమం. కెటమిన్ ఇచ్చిన పిల్లల్లో అరుదుగా, వెయ్యిలో ముగ్గురికి, స్వరపేటిక బిగుసుకుంటుంది. ఛాతీ ఎగుస్తుంది గానీ గాలి చప్పుడు ఉండదు, లేదా సన్నని కూత వస్తుంది. చేస్తున్న పని ఆపి, నోట్లో రక్తం, చొంగ తీసేసి, మాస్కును గట్టిగా అదిమి నూరు శాతం ఆక్సిజన్‌తో ఒత్తిడి పెట్టాలి, చెవితమ్మె వెనకున్న గుంటలో రెండు వేళ్లతో గట్టిగా లోపలికి నొక్కుతూ దవడ ముందుకు తేవాలి. చాలావరకు ఇక్కడికే వదులుతుంది. వదలకపోతే కండరాలను సడలించే సక్సినైల్ కోలిన్, ఆ పైన ట్యూబు. పెద్దవాళ్లు కెటమిన్ నుంచి లేచేటప్పుడు కలవరింతలు, భయం కలగవచ్చు. ముందుగానే మంచి మాటలు చెప్పి పడుకోబెట్టడం, లేచేటప్పుడు చుట్టూ గోల లేకుండా చూడటం మేలు చేస్తాయి, కావాలంటే కొద్దిగా మిడజోలం.

సమ్మతి సంతకం కంటే కుటుంబానికి చెప్పే నాలుగు మాటలు ముఖ్యం. కెటమిన్ తీసుకున్న పాప కళ్లు తెరిచే ఉంటాయి, అటూ ఇటూ కదులుతాయి, చొంగ కారుతుంది, పిలిస్తే పలకదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే తల్లి "నా బిడ్డకు ఏదో అయిపోయింది" అని గుండెలు బాదుకుంటుంది, ఆ గొడవలో మీ నర్సు కళ్లు పాప మీద నుంచి తప్పుతాయి.

ఇంటికి పంపడం గురించి. తీవ్రమైన ఇబ్బందులు ఆఖరి మోతాదు ఇచ్చిన 25 నిమిషాల తరువాత అరుదు అని పిల్లల మీద జరిగిన పరిశీలనల్లో తేలింది. అయినా గడియారం ఒక్కటే చాలదు. రోగి రాకముందు ఎలా ఉన్నాడో అలా మాట్లాడాలి, ఊతం లేకుండా కూర్చోవాలి, నాడి, రక్తపోటు, ఆక్సిజన్ లేకుండా సాచురేషన్ మామూలుగా ఉండాలి. విరుగుడు మందు ఇచ్చి ఉంటే, దాని బలం తగ్గాక మత్తు మళ్లీ కమ్మవచ్చు కాబట్టి ఇంకో రెండు గంటలు ఉంచాలి. 24 గంటల వరకు బండి నడపకూడదు, పొలంలో మోటారు జోలికి వెళ్లకూడదు, మద్యం, కల్లు తాగకూడదు అని తెలుగులో కాగితం మీద రాసివ్వండి. ఇద్దరి మధ్యలో ఇరికించి బైకు మీద తీసుకుపోవడం మన దగ్గర నిత్యం చూసేదే. ఆటో ఎక్కేదాకా ఎవరైనా చూసి రావాలి.

మీ ఇద్దరు రోగుల విషయంలో నేను చేసేది చెప్తాను. ముగ్గురే ఉన్న వార్డులో ఒకేసారి ఇద్దరికి మత్తు ఇవ్వను. మొదట మత్తు డాక్టరుకు ఫోను చేసి ఇద్దరి సంగతీ చెప్పి ఉంచుతాను. పాప చేతి వెనక, గాయం లేని చర్మం మీద, సూది నొప్పి తెలియకుండా తిమ్మిరెక్కించే ఎమ్లా క్రీము పట్టించి గంట ఆగమంటాను. దాన్ని చీలిన పెదవి మీద పూయకూడదు. ఆ గంటలో భుజం మనిషికి భుజం బయటివైపు స్పర్శ చూసి, ఎక్స్‌రే తీసి, కీలులోకి లిగ్నోకైన్ ఇచ్చి కనింగ్‌హామ్ పద్ధతిలో ప్రయత్నిస్తాను. లొంగకపోతే ఆయన్ను స్లింగ్‌లో ఉంచి, పాప పని ముగిసి ఆమె పూర్తిగా లేచాకే ఆయనకు మత్తు ఆలోచిస్తాను, అప్పటికి మత్తు డాక్టరు కూడా చేరి ఉంటారు. పాపకు నరం నొప్పి లేకుండా దొరుకుతుంది, ఆమె తిని కూడా అప్పటికి రెండున్నర గంటలవుతుంది. ఒక నర్సు తల దగ్గర, రెండో నర్సు నాకు సాయంగా. వాంతులు రాకుండా ఆన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చి, 10 మిల్లీగ్రాముల గాఢతకు కలిపిన కెటమిన్ కిలోకు 1.5 చొప్పున నిమిషం పాటు ఇచ్చి, మొదటి కుట్టు పెదవి ఎరుపు చర్మాన్ని కలిసే గీత దగ్గర వేస్తాను. అది సరిగ్గా పడితే మిగతావి తేలిక. తల్లి పాప కాళ్ల దగ్గర కుర్చీలో, కనబడేంత దూరంలో కూర్చుంటుంది.